ఇంకో గుంజు

ఫిబ్రవరి 10, 2025
చక్రాల సెక్షన్‌లో ట్రైనింగ్‌కు నా పేరు రాసినారు! ఇన్నాళ్లూ ఈ ఫ్లయింగ్ స్కూల్ హ్యాంగర్‌లో విమానాలు లాగే ట్రాక్టర్ రిపేరే నా పని. ఈ పని కూడా నాకు వచ్చిందని మా ఇంజనీర్ పద్మప్రియ మేడమ్ సంతకం పెడితే పర్మనెంట్. పెట్టకపోతే మార్చి ఆఖరుకు కాంట్రాక్ట్ అయిపోతాది. మళ్లా మా ఊరు తనకల్లు, నాయన వెంట బోరు మోటార్లు. ఆ బోర్లలో నీళ్లుంటే కదా.

ఫిబ్రవరి 19
టార్క్ రెంచ్‌తో చాలినంత బిగిస్తే టిక్కుమంటాది. ఆడికి ఆపాల, అంతే. నేను ఇంకో గుంజు గుంజినా. ఇదేమన్నా మీ బోరు మోటారామ్మా, ఎక్కువ బిగిస్తే బోల్టు తెగుతాది అని పని నేర్పే నాగేశ్వర అన్న అరిచినాడు. ఏం చేసేది? మోటార్ అదురుతాది, ఇంకో గుంజు గుంజు పాపా అని చిన్నప్పటి నుంచి నాయన నేర్పింది అదే. సిగ్గుతో చచ్చినా.

మార్చి 6
టిక్. ఆపినా. టిక్. ఆపినా.

మార్చి 20, సాయంత్రం
ఈ పొద్దు చక్రం నేనొక్కదాన్నే బిగించినా. మధ్యాన్నం నాయన ఫోన్ చేసినాడు, మా రెండో బోరు కూడా ఎండిపోయిందంట. అదే తలలో తిరుగుతాండె. ఆఖరి బోల్టు టిక్కుమన్నాక ఇంకో గుంజు గుంజినా.

గుంజినానా? గుంజినా. బస్సులో కూర్చున్నాక గుర్తొచ్చింది. అంతకుముందే అన్న రెంచ్ పెట్టి చూసినాడు, టిక్కుమనింది, ఓకే అన్నాడు. ఎక్కువ బిగిసిన బోల్టు కూడా టిక్కుమంటాది. ఎవరికీ తెలీదు. రేపు పొద్దున ఆరింటికి ఆ విమానంలో పైలట్ ట్రైనింగ్ పిల్ల ఒకతే ఎగురుతాది. చెప్తే నా సంతకం పోతాది.

మార్చి 21, ఉదయం 5:20
మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పేసినా.

మార్చి 21, మధ్యాన్నం
విమానం ఆపినారు. బోల్టు విప్పితే మర సాగిపోయి ఉండాది. అన్న నా మొగం చూడలేదు. మేడమ్ తిట్టలేదు. చెప్పినావు, మంచి పని చేసినావు హేమావతీ అనింది. సంతకం మాత్రం పెట్టలేనని ఫైల్ మూసేసింది. తిట్టింటేనే బాగుండు. బాత్రూంలో కొళాయి తిప్పుకోని ఏడ్చినా. ఇంత నేర్చుకోని ఏం లాభం? నాయనకు ఏమని చెప్పేది?

మార్చి 31
ఐడీ కార్డు ఇచ్చేసినా.

ఏప్రిల్ 4, తనకల్లు
నాగప్ప చేన్లో మోటార్ బిగిస్తాండాము. ఇంకో గుంజు గుంజు పాపా అన్నాడు నాయన. ఈ స్పానర్‌కు టిక్ లేదు, ఏమీ లేదు. అయినా ఆపాల్సిన కాడ చేయి ఆగిపోయింది. ఎంత గుంజుదామన్నా కదల్లేదు.

పాడు చేయి. ఇప్పుడొచ్చింది దానికి బుద్ధి.