అద్దానికి ఇవతల బొలోన్యా

శనివారం రాత్రి, బిషాన్, సింగపూర్

సునంద కెమెరాలో ఉండిపోయిన రీలు ఇవాళ కడిగించాను. నిరుడు, ఆఫీసులో వైటూకే పని అయిపోయాక, మేమిద్దరం ఇటలీలో బొలోన్యా చూసి వచ్చినప్పటిది. రేపటికి తను పోయి రెండు నెలలు.

ఆ పాత ఊళ్ళో చేత్తో చేసే పాస్తా తినాలని తనకు ఎన్నేళ్ళ ముచ్చటో. నేనేమో సింగపూర్ నుంచే రైస్ కుక్కరూ, బియ్యమూ, ఆవకాయ సీసా మోయించాను. రోజూ మధ్యాహ్నం అయ్యేసరికి నాది ఒకటే పాట: "రూములో అన్నం ఉందిగా సునందా, ఈ పిండిముద్దలు ఎవరు తింటారు?" తను నాతోపాటు వెనక్కి తిరిగేది. తనకూ అన్నమే ఇష్టమనుకున్నాను, వెధవని.

ఫొటోలన్నీ హోటళ్ళ కిటికీలే. లోపల ముసలమ్మలు పిండి ఒత్తుతున్నారు, జనం తింటున్నారు.

పాప ఒక్కొక్కటీ చూసి, తన సింగపూర్ ఇంగ్లీషులో, "నాన్నా, వై ఆల్ అవుట్‌సైడ్ వన్? అమ్మ లోపలికి వెళ్ళలేదా?" అంది.

"వెళ్ళిందమ్మా" అన్నాను.

ఆఖరి ఫొటో మాత్రం దానికి చూపించలేదు. కిటికీ అద్దంలో సునంద కనిపిస్తోంది, కంటికి కెమెరా ఆనించుకుని. తన వెనకే నేను, వాచీ చూసుకుంటూ.