ఇరవై మంది తల్లులు, ఒక జున్నుపాల చార్టు

జూలై 22, 2006. శనివారం. సాయంత్రం 6.10

ఈ డైరీని సోషల్ అట్లాస్ కవర్ లోపల పెడుతున్నాను. మా ఇంట్లో అట్లాస్ ఎవరూ తెరవరు. నాతో సహా.

ఈరోజు ఏలూరులో మా స్కూలుకి క్యాథరిన్ మేడమ్ వచ్చారు. చంటిపిల్లలకి తల్లిపాలు ఇవ్వడం గురించి డాక్యుమెంటరీ తీస్తారట. భీమడోలు దాటాక మా కొల్లేటి వైపు ఊళ్ళలో. కెమెరా ఇంకా రాలేదు. అలాంటి సినిమా వస్తోందంటే తల్లులు ఏమంటారో ముందు తెలియాలట. చూస్తారా, సిగ్గుపడతారా, కోప్పడతారా? ఇరవై మంది తల్లులు, ఇరవై ఫారాలు, పది రోజులు. ఇంగ్లీషు ఫారాన్ని ఊళ్ళోవాళ్ళకి అర్థమయ్యే తెలుగులోకి మార్చి, ఊళ్ళో తిరిగి నింపేది ఎవరు?

నేను!!

“శాలినిది ఆ వైపు ఊరేనండీ. తెలుగు బాగా వచ్చు” అన్నారు ప్రిన్సిపాల్ సిస్టర్. తొమ్మిదో క్లాసు తెలుగులో నాకు నలభై ఒకటి వచ్చిందని చెప్పబోయాను. గొంతులో ఆగిపోయింది. నా గొంతులో చాలా విషయాలు ఆగి ఉన్నాయి.

నిర్ణయాలు:
1. రోజుకి ముగ్గురు తల్లులు. వారంలో అయిపోతుంది. మిగతా మూడు రోజులు రెస్టు.
2. ఆ మాటని తెలుగులో, గట్టిగా, వాళ్ళ కళ్ళలోకి చూస్తూ అడగాలి.
3. ఎవరికీ భయపడకూడదు.
4. మమ్మీకి చెప్పకూడదు. (టీవీలో ఆడవాళ్ళ న్యాప్‌కిన్ల యాడ్ వస్తే మమ్మీ లేచి వెళ్ళి గ్యాస్ కట్టేశానో లేదో చూసొస్తుంది.)

జూలై 23. ఆదివారం. మధ్యాహ్నం 3.00

చర్చి నుంచి రాగానే తర్జుమా మొదలుపెట్టాను. చాలా ఈజీ!

‘రియాక్షన్స్’కి తెలుగు దొరకలేదు. “తల్లుల రియాక్షన్లు” అని ఫారం పైన పెద్దక్షరాలతో రాశాను. అందరికీ తెలిసిన మాటే.

‘బ్రెస్ట్‌ఫీడింగ్’ దగ్గర కొంచెం ఆగాను. గీత గీసి ఖాళీ వదిలాను. నోటితో చెబుతాను కదా.

‘కొలొస్ట్రమ్.’ బిడ్డ పుట్టాక తల్లికి మొదట వచ్చే పాలు, పసుపు రంగులో ఉంటాయి. డిక్షనరీలో వెతికితే “జున్నుపాలు” అని ఉంది. జున్ను నాకు తెలుసు! పక్కింటి రత్నమాణిక్యం మామ్మగారు గేదె ఈనినప్పుడల్లా బెల్లం, మిరియాలు వేసి పంపిస్తారు. మనుషులకీ గేదెలకీ ఒకే మాట. తెలుగు ఎంత సింపుల్!

ఉత్సాహం ఆగక ఒక చార్టు కూడా రాశాను. స్కెచ్ పెన్నులు, నాలుగు రంగులు. “బిడ్డ పుట్టగానే జున్నుపాలు పట్టండి. బిడ్డకు బలం!” పక్కన మందార పువ్వు. రేపు అంగన్‌వాడీ గోడకి అంటిస్తాను.

జూలై 24. సోమవారం. సాయంత్రం 5.50

మొదటి తల్లి పుష్పమ్మత్త. ఐదుగురు పిల్లలు. వాకిట్లో కొర్రమీను తోముతోంది.

“అత్తా, ఒక డాక్యుమెంటరీ గురించి...”

“డాక్యుమెంట్లా? చెరువు కాయితాలు మీ మావయ్య దగ్గరున్నాయమ్మా. ఆయన లేకుండా నేను వేలిముద్ర వెయ్యను.”

“కాదత్తా, సినిమా. ఫీడింగ్ గురించి.”

“ఓ, ఫీడింగా! అలా చెప్పు. రోజుకి రెండుసార్లు వేస్తాం. తవుడు, వేరుశనగ చెక్క. వానాకాలం కొంచెం తగ్గిస్తాం.”

“అది కాదత్తా... ఆ... తల్లులు... పిల్లలకి...”

“పిల్లలకైతే తవుడు మెత్తగా జల్లించి వెయ్యాలి. లేకపోతే చచ్చి తేలిపోతాయి.”

కళ్ళలోకి చూడలేకపోయాను. కొర్రమీను కళ్ళలోకి చూశాను. చెప్పిందంతా రాసుకుని వచ్చేశాను.

స్కోరు: 1. అదీ చేపల ఫారం.

జూలై 25. మంగళవారం

వాన. గొడుగు నాన్న పట్టుకెళ్ళారు. పైగా నాట్లు పడుతున్నాయి, తల్లులందరూ పొలంలోనే ఉంటారు. నడుం వంచి నాట్లేసేవాళ్ళని డిస్టర్బ్ చేయడం సంస్కారం కాదు.

స్కోరు: 1.

జూలై 26. బుధవారం. సాయంత్రం 6.30

ఎవరూ తలుపు తియ్యడం లేదు!

కారణం ఇప్పుడే తెలిసింది. పోయిన నెల సూర్యకాంతం గారికి సూది మందు పడక రియాక్షన్ ఇచ్చింది. ఒళ్ళంతా దద్దుర్లు, మొహం గుమ్మడికాయ. నా ఫారం మీద “తల్లుల రియాక్షన్లు” చూసి ఊళ్ళో ఒకటే మాట. ఆ సినిమా చూస్తే తల్లులకి రియాక్షన్ ఇస్తుందట. పాలు ఎండిపోతాయట.

మమ్మీ కూడా అడిగింది. “ఏంటే శాలినీ, ఊళ్ళో ఏదో సూదుల గొడవంట?”

“నాకేం తెలీదు మమ్మీ.”

గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి ఈసారి నేను వెళ్ళాను.

జూలై 27. గురువారం. సాయంత్రం 7.00

బాగా ఆలోచించాను. తల్లులు ఏమంటారో నాకు తెలుసు కదా? నేనూ ఒక తల్లికి కూతుర్నే కదా? అందుకని పంతొమ్మిది ఫారాలూ నేనే నింపాను. కొన్ని ఎడమ చేత్తో. కొన్నింట్లో కావాలని స్పెల్లింగులు తప్పు రాశాను. (కొన్నింట్లో కావాలని కాదు.)

పేర్లు ఊళ్ళోవాళ్ళవి రాస్తే దొరికిపోతాను. అందుకే చర్చి గోడ మీద పాత చందాల రాయి నుంచి తీసుకున్నాను.

స్కోరు: 20! ఇంత తొందరగా అయిపోతుందనుకోలేదు.

జూలై 29. శనివారం

నా చార్టు హిట్టు! అంగన్‌వాడీ దగ్గర ముగ్గురు ఆగి చదివారు.

రత్నమాణిక్యం మామ్మగారైతే బుగ్గ పుణికారు. “ఎంత చక్కటి దస్తూరీ తల్లీ! మా రోజుల్లో తెలిసేది కాదు. ఇప్పుడు డాక్టర్లే జున్నుపాలు పట్టమంటున్నారన్నమాట. మా తులసికి రేపో మాపో. మన గేదె వట్టిపోయింది కానీ, గుండుగొలనులో మా తమ్ముడి గేదె నిన్ననే ఈనింది. తెప్పిస్తాను.”

తులసక్క మామ్మగారి కోడలు. నిండు నెలలు. తమ్ముడి గేదె ఎందుకు మధ్యలో వచ్చిందో అర్థం కాలేదు. అడగలేదు. నవ్వి తలూపాను. అర్థం కాకపోతే తలూపడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు.

జూలై 31. సోమవారం. సాయంత్రం 6.45



నిన్న తులసక్కకి ఆసుపత్రిలో పాప పుట్టింది. ఈ సాయంత్రం ఇంటికి తెచ్చారు. చూడటానికి వెళ్ళాను. మంచం పక్కన స్టీలు గిన్నె. అందులో చిక్కగా, పసుపు పచ్చగా పాలు. మామ్మగారి చేతిలో ఉగ్గుగిన్నె. ఒళ్ళో పాప, నా అరచేయంత మొహం. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

“రా తల్లీ. నువ్వు రాసినట్టే గేదె జున్నుపాలు తెప్పించాను. మా తులసి పాలు పచ్చగా చెడిపోయినట్టున్నాయి, పిండించి పారబోయించేశాను.”

గేదె! పారబోయించేశాను!

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. పసుపు రంగు పాలు అంటే తులసక్కవి. డిక్షనరీలో మాట గేదెది. మధ్యలో నేను.

వాకిట్లో మామ్మగారి భర్త హనుమంతరావు తాతగారు, ఇంకో ఇద్దరు మగాళ్ళు మంచమ్మీద కూర్చుని ఉన్నారు. తులసక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఉగ్గుగిన్నె పాప పెదవుల దాకా వచ్చింది. నా గొంతు మామూలుగానే మూసుకుపోయింది. తర్వాత ఎలా తెరుచుకుందో తెలీదు.

“పట్టకండి! అవి గేదెవి! పాపకి కావల్సింది తులసక్క పాలు! రొమ్ముపాలు! రొమ్ముపాలండీ!”

మూడుసార్లు అరిచానట. నాకు రెండే గుర్తున్నాయి. తాతగారు కండువా దులుపుకుని వీధిలోకి వెళ్ళిపోయారు. ఆయన వెనకే మిగతా ఇద్దరూ.

మామ్మగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. “మరి జున్నుపాలని రాశావేమే?”

“నాకు తెలుగు రాదు మామ్మగారూ” అని ఏడ్చేశాను.

అప్పుడు తులసక్క ఇటు తిరిగింది. “ఆసుపత్రిలో నర్సమ్మ కూడా నా పాలే పట్టమన్నారు అత్తయ్యా. ముర్రుపాలు, పారబొయ్యకూడదు అన్నారు. మీరు చార్టులో ఉందనేసరికి నేనే తప్పు విన్నానేమో అనుకున్నాను. పాపని ఇలా ఇవ్వండి.”

ముర్రుపాలు. అదీ మాట. ఆ అక్కకి సరిగ్గా తెలిసినదాన్ని నా మందారపువ్వు చార్టు చెరిపేసింది.

మామ్మగారు పాపని అందించారు. కాసేపు పేచీ. తర్వాత ఏడుపు ఆగింది. చప్పరిస్తున్న చప్పుడు వినబడింది. మామ్మగారు జున్నుపాల గిన్నె మీద మూత పెట్టారు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మమ్మీ. మొత్తం వింది.

ఇంటికొచ్చేటప్పుడు అంగన్‌వాడీ గోడ మీంచి చార్టు చింపేశాను. మమ్మీ నేరుగా వెళ్ళి గ్యాస్ చూసొచ్చింది. అదే భయంగా ఉంది.

ఆగస్టు 1. మంగళవారం. సాయంత్రం 5.00

క్యాథరిన్ మేడమ్ ఇంటికే వచ్చారు. అన్నీ ఒప్పేసుకుందామని స్కూలు మానేసి మరీ కూర్చున్నాను. నోరు తెరిచేలోపే ఆవిడ ఫారాలు చదవడం మొదలుపెట్టారు.

“నిత్యానందం. పిల్లలు ముగ్గురు. బిడ్డకు పాలిచ్చారా? ‘అవును, చాలా సంతోషంగా ఇచ్చాను.’ బావుంది! ఈవిడతో మాట్లాడొచ్చా అండీ?”

మమ్మీ టీ కప్పు కింద పెట్టింది. “ఆయన మా చర్చికి స్థలమిచ్చిన పెద్దాయనండీ. చనిపోయి ముప్పై ఏళ్ళయింది.”

ఆ రాయి మీద సగం మంది మగాళ్ళేనట. నాకెలా తెలుస్తుంది? సూర్యకాంతం గారిలాగే అందరి పేర్ల చివరా సున్నానే కదా ఉంది!

మొత్తం చెప్పేశాను. గేదె సంగతి కూడా. మేడమ్ తిడతారనుకున్నాను. ఫారాలన్నీ మళ్ళీ తిరగేశారు. “ఇరవైలో ఒక్కటి నిజం” అన్నారు. “అదీ చేపలది.”

ఆవిడ నవ్వలేదు. ముందు మమ్మీయే నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా. తర్వాత మేడమ్. నేను మాత్రం అట్లాస్‌ వైపు చూస్తూ కూర్చున్నాను.

వెళ్తూ ఇరవై కొత్త ఫారాలు ఇచ్చారు. ఈసారి తెలుగు ఆవిడే రాశారు. ఖాళీ గీతలు లేవు.

ఆగస్టు 2. బుధవారం. సాయంత్రం 6.20

కొత్త నిర్ణయాలు:
1. రోజుకి ఒక తల్లి. (సరే, ఇద్దరు.)
2. ఆడవాళ్ళు మాత్రమే. బతికున్నవాళ్ళు మాత్రమే.
3. వాళ్ళు చెప్పిందే రాయాలి. నాకు తెలుసు అనుకోకూడదు.

మొదలుపెట్టాను. వంటింట్లో, పీట మీద. పేరు: మరియమ్మ. పిల్లలు: ఒక్కతే.

“రొమ్ముపాల గురించి సినిమా వస్తే మీరు చూస్తారా అండీ?” మమ్మీ అని పిలిస్తే నోరు రాదు. అందుకే అండీ.

మమ్మీ వంకాయలు తరుగుతూనే ఉంది. “చూస్తాను. వెనక వరసలో.”

“ఎందుకు చూడాలనుకుంటున్నారు?”

కత్తిపీట ఆగింది. “నువ్వు పుట్టినప్పుడు మీ నానమ్మ ఆ మొదటి పాలు మంచివి కావని పిండించి దొడ్లో పోయించింది. మూడు రోజులు నీకు పంచదార నీళ్ళే. నువ్వు గదిలో ఏడుస్తుంటే ఇక్కడ నా జాకెట్టు తడిసిపోయేది. తప్పని నాకు అనిపిస్తూనే ఉంది. నోరెత్తలేదు. మొన్న నువ్వరిచినట్టు అరవడానికి నాకప్పుడు భయం.”

నేను రాస్తూనే ఉన్నాను. అక్షరాలు సరిగ్గా కనబడలేదు.

“అంతా రాశావా?”

“రాశాను.”

“ఆ జాకెట్టు సంగతి కొట్టెయ్.”

పెన్ను పెట్టాను. మమ్మీ మళ్ళీ వంకాయ తీసుకుంది. సగం తరిగింది.

“వద్దులే. ఉంచు.”

ఒకటయింది. ఇంకా పంతొమ్మిది. రేపు ముగ్గురు!