యోనా కేసులో నరసాపురం తీర్పు

రాజమండ్రి, 1881

మహారాజశ్రీ గంగయ్య మావయ్య గారి పాదాలకు మేనల్లుడు సత్తియ్య దణ్ణాలు.

ఇంగ్లండు సీమలో పండితులు యూదుల పాత గ్రంథానికి ఉన్న ఇంగ్లీషు అనువాదం బాగుచేస్తున్నారు. నేను పనిచేసే దొరగారు ఆ గ్రంథం మూలభాష హీబ్రూలో దిట్ట. ఇక్కణ్ణించి సవరణలు పంపుతున్నారు. అందులో యోనా అనే ఆయన్ని తుఫానులో పడవవాళ్లు సముద్రంలో పడేస్తే, ఒక చేప మింగి మూడోనాడు ఒడ్డున కక్కింది. అది ఏ చేపో, సముద్రం మీదే బతికిన మీరు తేల్చాలి. తేలితే నా గుమాస్తా పని ఖాయం, లేదంటే ఇంటికే.

చిత్తగించవలెను,
సత్తియ్య

తా.క. ఇంటికొస్తే వల పట్టాలి. పడవెక్కితే నాకు వాంతులని మీకు తెలుసు.

నరసాపురం

చిరంజీవి సత్తియ్యకు మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం కులపెద్దల ముందు చదివించాను. చేప సంగతి తరవాత. ప్రయాణికుణ్ణి పడవలోంచి తోసిందెవరు? మన రేవు వాళ్లు కాదని అందరి చేతా గంగమ్మ మీద ప్రమాణం చేయించాను. తోసినవాళ్లకి వెలి, నిప్పూ నీళ్లూ బందని తీర్పు కూడా అయిపోయింది. పేర్లు వెంటనే పంపు.

ఇట్లు,
గంగయ్య

తా.క. ఇది రాసిపెడుతున్నది కొట్టు నడిపే కుక్కుటేశ్వరరావు గారు, నీసు ముట్టరు. చేప మాట వచ్చినప్పుడల్లా కలం కడుక్కుంటున్నారు.

రాజమండ్రి

మావయ్య గారికి,

కొంప ముంచారు. ఇది వేల ఏళ్ల నాటి కథండి. మీ తీర్పు చెబితే దొరగారు నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. గ్రంథం తీసి చూపించారు. నన్ను పడేయండని యోనాయే అన్నాడట. వాళ్లు మాత్రం ముందు ఒడ్డుకు చేర్చాలని శాయశక్తులా తెడ్లు వేశారట. చేప తొందరలో ఆ సంగతి నేను రాయలేదు. ఇకనైనా చేప పేరు చెప్పండి, బతిమాలుతున్నాను.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని,
సత్తియ్య

తా.క. సొర అని రాసేయనా?

నరసాపురం

చిరంజీవికి,

తెడ్లు వేసిన సంగతి దాచి మాచేత తప్పు తీర్పు చెప్పించావు. పడవవాళ్లు నిర్దోషులు, ముద్దాయివి నువ్వు. వచ్చి పెద్దలందరికీ పులుసు భోజనం పెట్టు. తుఫానుకి ఎదురు తెడ్డు వేయడం తెలియనివాడు ఆ మాట పాత ఇంగ్లీషులో చప్పగా రాసుంటాడు. దొరగార్ని చూసుకోమను.

ఇట్లు,
గంగయ్య

తా.క. సొరకి అంత జాలి లేదు. మనిషిని మూడు రోజులు దాచి ఒడ్డున దింపింది చేపేంట్రా, గంగమ్మ తల్లి.

రాజమండ్రి

మావయ్య గారికి,

దొరగారు చేపని పెద్ద చేపగానే వదిలేశారు, మూలంలోనూ అంతే ఉందట. తెడ్ల వాక్యం మాత్రం కొట్టేసి మళ్లీ రాశారు. చదువుతుంటే చేతులు నొప్పెడుతున్నాయి. నా ఉద్యోగం ఖాయమైంది. సముద్రం వచ్చిన పేజీలన్నీ మీ పెద్దలకు వినిపించి రావడం నా పని. నెలనెలా, పడవ మీద.

ఇప్పటినుంచే నిమ్మకాయలు మూటగట్టుకుంటున్న,
సత్తియ్య

తా.క. ఈసారి నోవహు అనే ఆయన పడవ. లోకంలోని జంతువులన్నీ ఎక్కాయి. తెరచాప, చుక్కాని మాటే లేదు. నేను వచ్చేదాకా పెద్దలకు చెప్పకండి.