అంచు తెగిన నాణెం

చిట్టితల్లీ,

అన్నం గిన్నె మీద మూత పెట్టాను, తిని వెళ్లు. నేనిచ్చిన అంచు తెగిన నాణెం మాత్రం సాయంత్రం మీ నాణేల క్లబ్బుకి తీసుకెళ్లకు, నలుగురిలో నవ్వులపాలవుతావు. నువ్వనుకున్నట్టు అది టంకశాలలో జరిగిన అరుదైన పొరపాటు కాదు. అక్కడే ముక్క తెగి ఉంటే, అచ్చు పడేటప్పుడు ఎదుటి అంచు కూడా పలచబడుతుందని నువ్వే చెప్పావు. దీని ఎదుటి అంచు దిట్టంగా ఉంది. నాన్న తెచ్చాడని నమ్మేసి నువ్వది చూడనేలేదు.

వర్క్‌షాపులో ఆకురాయి పెట్టి నేనే అరగదీశాను. తిట్టుకో, పడతాను. కానీ అది నీ చేతిలో పెట్టాకే కదా, ఈ ఏడాదిలో మొదటిసారి నా పక్కన గంటసేపు కూర్చుని నాణేల గురించి చెప్పావు.

వెళ్లేటప్పుడు గ్యాస్ కట్టెయ్.

నాన్న

ఇంకెప్పుడూ అరగదీయనులే. ఊరికే అడిగినా చెబుతావా?