సుక్కలు సూడ్డం

నర్సీపట్నం,
12 ఫిబ్రవరి 2025, బుధవారం.

అమ్మకు ఎస్తర్ వందనాలు.

ఈ రోజు తలుపు తీయగానే మొదటి వింత: నెట్ సెంటర్ చిట్టిరాజు గారు మెట్టు కింద చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని మన గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఎందుకొచ్చారో తర్వాత రాస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

ప్రభువు దయవల్ల ఇక్కడ ముగ్గురం ఆరోగ్యంగానే ఉన్నాం. మామ్మ మోకాలు నెమ్మదించింది, చర్చికి నడిచే వెళుతోంది. చింతపల్లి చలిలో, అంతమంది హాస్టల్ పిల్లలకు వండి నీ చేతులు పగిలాయని రాశావు. కొబ్బరినూనె రాసుకో. అన్నయ్య కోటు కుట్టడం అయింది. భుజాల దగ్గర కాస్త వదులు. "సమాధుల పెట్టిలో పడుకోబెట్టీసినట్టున్నావురా క్రీస్తురాజూ" అంది మామ్మ. అన్నయ్య నవ్వలేదు.

ఢిల్లీలో సివిల్స్ ఇంటర్వ్యూ సోమవారం. ఎల్లుండి సాయంత్రం తునిలో రైలెక్కుతాడు. ఇదే ఆఖరి అవకాశమని నీకు తెలుసు. రోజూ పొద్దున్న ఆరింటికి ఇంట్లో నేనే బోర్డు ఛైర్మన్‌ని. అన్నయ్య నోటివెంట 'ఏమిటి' బదులు 'ఏటి' అని వచ్చినప్పుడల్లా స్కేలుతో టేబుల్ మీద కొడతాను. తను ఉలిక్కిపడితే నాకు సరదాగా ఉంటుంది. అన్నీ అడిగాను గానీ హాబీ గురించి మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఫారంలో హాబీ తప్పు పడిందని పోయినసారి పొడిగా రాశాను, జరిగింది ఇది. పోయిన నెల ఆఖరి ఆదివారం రిటైర్డ్ డిప్యూటీ కలెక్టర్ తాతాజీ గారు తమ ఇంట్లో అన్నయ్యకూ మరికొందరు కుర్రాళ్లకూ మాక్ ఇంటర్వ్యూ పెట్టారు. నేను ఫైలు పట్టుకుని వెనక కూర్చున్నాను. ఆయన అన్నయ్య ఫారం చూస్తూ, "హాబీ ఖగోళ పరిశీలనా? బాగుందయ్యా. ఈ మధ్య సాయంత్రం పూట పడమట అంతలా వెలుగుతున్నదేమిటి?" అన్నారు.

"నక్షత్రం అండి."

"శుక్రుడు. గ్రహం."

అన్నయ్య మొహం నల్లబడింది. "అది నా హాబీ కాదండి. నెట్ సెంటరాయన తప్పు కొట్టీసాడండి."

"పంపేముందు చదవలేదా?"

"లేదండి. జ్వరమండి."

"అయితే రేపు ఎవరి పొలం కాగితం ముందు పెట్టినా ఇలాగే సంతకం చేసేస్తావు. తప్పయితే గుమాస్తా మీదకు తోసేస్తావు. నీకు జిల్లా కాదు, కిళ్లీకొట్టు తాళం కూడా ఎవరూ ఇవ్వరు."

మిగతా కుర్రాళ్లు పగలబడి నవ్వారు. అక్కడినుంచి అన్నయ్య తిన్నగా నెట్ సెంటర్‌కి వెళ్లి, నలుగురి ముందు చిట్టిరాజు గారి కాలరు పట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయన దగ్గర ఎవరూ ఫారాలు నింపించుకోవడం లేదు.

ఈ పొద్దున్న ఆయన అన్నమాట ఇది: "నా సేతి తప్పే అయ్యుంటది బాబూ. అంత దూరం ఎల్తన్నావు, మనసులో ఎట్టుకోకు."

"సుక్కల్లెక్కెట్టుకోమని రాసినావు గదా? పో, నువ్వే లెక్కెట్టుకో" అన్నాడు అన్నయ్య.

"పెద్దోడురా, లోపలికి రమ్మను" అంది మామ్మ.

"మన గుమ్మం తొక్కనీకు మామ్మా."

నేను చీపురు పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్లేదాకా ఊడ్చిన చోటే ఊడ్చాను.

టైపు చేసినాయన అంత పొరపాటు ఎలా చేశాడని పోయిన ఉత్తరంలో అడిగావు. ఆయన చేయలేదమ్మా.

డిసెంబరులో అన్నయ్య జ్వరంతో ఉంటే వివరాలన్నీ తెల్లకాగితం మీద రాసి ఆయనకిచ్చింది నేనే. హాబీ ఏమిటని అడిగితే, "నాకు హాబీ ఏటే? డాబా మీద తొంగుని సుక్కలు సూడ్డమే" అన్నాడు. ఖాళీగా పడి ఉన్నానని వేళాకోళం. జ్వరం తగ్గాక ఆ మాటే మరిచిపోయాడు. ఆ వారమే నేను 'ఖగోళం' అనే మాట నేర్చుకున్నాను. పలికితే నోట్లో గుండ్రంగా తిరిగే మాట. ఎక్కడైనా వాడాలని ఒకటే ఆరాటం. 'ఖగోళ పరిశీలన' అని రాసి, కింద ఇంగ్లీషు పేరు కూడా పెట్టాను. ఆయన అక్షరం పొల్లుపోకుండా కొట్టారు.

అంతటితో ఆగలేదు. కాలరు పట్టుకున్న మర్నాడు, ఆయన లేని సమయం చూసి షాపుకి వెళ్లాను. ఫైల్లోంచి ఆ కాగితం తీసేశాను. వాళ్లావిడ కొండలమ్మ గారు నాకు మంచినీళ్లిచ్చి, "మీ అన్న మీద మాకు కోపం లేదమ్మా" అన్నారు. తాగి వచ్చేశాను. కాగితం చింపేద్దామనుకున్నాను. అందులో నా అక్షరాలు బాగున్నాయనిపించి చింపలేదు. నా బుద్ధి అలాంటిది.

ఢిల్లీలో కూడా తప్పు నెట్ సెంటర్ వాడిదేనని చెబుతానంటున్నాడు అన్నయ్య. అద్దం ముందు అదే సాధన చేస్తున్నాడు. ఆ జవాబే తనని ముంచుతుందని నాకు తెలుసు. పద్దెనిమిది రోజులుగా ఛైర్మన్ కుర్చీలో కూర్చుని వింటూనే ఉన్నాను.

రేపు పొద్దున్న ఆరింటికి అన్నయ్య కోటు తొడుక్కుని ఎదురుగా కూర్చోగానే ఆ కాగితం టేబుల్ మీద పెడతాను. "ఇది ఎవరి రాత?" అని ఒక్కటే అడుగుతాను. కొడితే కొట్టనీ. ఎనిమిదింటికి చిట్టిరాజు గారు షట్టర్ ఎత్తుతారు. అంతకంటే బేగి వెళ్లి, ఆయన మెట్టు కింద చెప్పులు విప్పి నిలబడతాను.

ఇట్లు,
మాటలంటే ప్రాణమని నువ్వు మురిసిపోయే నీ చిన్నకూతురు,
ఎస్తర్ రాణి