మీ చెల్లెలి మొగుడి దగ్గర పాఠం

నేను క్షేమమే, కంగారుపడకు. మా ఆఫీసుకు నేను రాసిన జీతాల కంప్యూటరు ప్రోగ్రామును ఆబ్జెక్టుల పద్ధతిలో తిరగరాసే పని, ఈ శిక్షణలో నెగ్గినవాడికే ఇస్తారట. ఆ పద్ధతిలో ఏ ముక్క పని ఆ ముక్కే చూసుకోవాలి. నేనేమో పాతదంతా తెచ్చి క్లాసు అనే ఒకే పెట్టెలో కుక్కాను. నాతోపాటే శిక్షణకొచ్చిన మీ చెల్లెలి మొగుడు అందరిముందూ, "అన్నయ్యకి ఇంట్లోనూ అంతే, ఉప్పుడబ్బా కూడా ఆయన్నడిగే కదలాలి" అన్నాడు. పాఠం చెప్పే అమ్మాయి కూడా నవ్వింది. నా దగ్గర ఓనమాలు దిద్దినవాడు ఇప్పుడు అందరికీ ముద్దొస్తున్నాడు. సాయంత్రం అతనే పక్కన కూర్చుని నా ప్రోగ్రాము విడదీసి చూపించాడు. ఇట్టే అర్థమైంది, అదే నా కడుపుమంట.

మోకాలి తైలం పంపు. వంటింటి కుళాయి బాగుచేయించావా? మనవరాలికి నా దీవెనలు. నేను నెగ్గితే, అతని ఉత్తరం అందేలోపే మీ చెల్లెలికి నువ్వే చెప్పు. నేర్పిందెవరో మాత్రం నువ్వడగలేదు, నేను రాయలేదు.