పొగలు కక్కే పాట ఎవరి మీద?

తమ్ముడూ,
ఇక్కడ అందరం బాగున్నాం, నీ రాక్ పాట విననంతవరకు. నిన్న మిషన్ కుడుతూ రేడియో పెట్టాను. గిటార్లు విరగ్గొడుతున్న చప్పుడు, మధ్యలో నీ గొంతు: "పొద్దున్నే పొగలు కక్కుతావు, పిలిస్తే బుసలు కొడతావు!" కొలతలివ్వడానికి వచ్చినావిడ ముసిముసిగా నవ్వింది. అది మీ బావ మీదే కదూ? ఆయన సిగరెట్ల సంగతి ఊరంతా చాటాలా? నిజం రాయి.
మీ అక్క

తా.క. పాపం, తన మీదని తెలీక ఆ పాటకి మీ బావ కాలు ఊపుతున్నారు.

అక్కా, నమస్కారం.
ఒట్టు, బావ మీద కాదు. నా పాత మోటారు సైకిలు మీద. ఆ పొగా, బుసా దానివే. బుర్ర పాడుచేసుకోకు.
నీ తమ్ముడు

తా.క. బావని మాత్రం ఏమీ అడక్కు.

ఏరా,
అడక్కు అన్నావంటేనే ఏదో ఉంది. రెండో చరణం ఇప్పుడే విన్నాను. "కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతావు" అట! మోటారు సైకిలుకి కళ్ళజోడేమిట్రా? పొద్దస్తమానం గడియారాలు బాగుచేసుకుంటూ, ఒకరి జోలికి పోని మనిషిని అల్లరిపాలు చేస్తావా? ఆదివారం నీ కచేరీకి వచ్చి మైకులోనే అడుగుతాను.
అక్క

తా.క. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

అక్కా,
నీ కాళ్ళు పట్టుకుంటా, కచేరీకి రాకు. ఆ పాట నేను రాయలేదు. బావ రాశాడు. నేను ట్యూన్ కట్టానంతే. ఎవరి మీదో నా నోటితో చెప్పలేను. "మీ అక్కకి తెలిస్తే నా పని సరి" అని ఒట్టు వేయించుకున్నాడు. ఆయన్నే అడుగు.
తమ్ముడు

తా.క. అడిగేటప్పుడు చేతిలో కత్తెర ఉంచుకోకు.

తమ్ముడూ,
అడిగాను. కంటికున్న భూతద్దం తియ్యకుండానే ఒప్పుకున్నారు. నా మీదట! పొగలు కక్కేదీ నేనే, బుసలు కొట్టేదీ నేనే. రెండు రోజులు ఆయనకి కాఫీ కలిపివ్వలేదు. మూడో రోజు నా మిషన్ మీద ఓ కాగితం పెట్టి వెళ్ళిపోయారు. నువ్వు తీసేసిన చివరి చరణం.
"నువ్వు ఊరెళితే కొట్లో గడియారాలన్నీ నడుస్తాయి, రోజు మాత్రం గడవదు."
పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఒక్కసారైనా నోరు విప్పి అనలేదు ఈ మాట. పొగలూ బుసలూ ఉంచి, దీన్ని కత్తిరించడానికి నీకు చేతులెలా వచ్చాయిరా? ఇది కలిపి మళ్ళీ రికార్డు చెయ్యి.
మీ అక్క

తా.క. మీ బావ ఇంకో పాట రాస్తున్నారు. నేను అటు వెళ్తే చెయ్యి అడ్డం పెడుతున్నారు. ఈసారి ఎవరి మీదో కాస్త కనుక్కుని రాయి.